1099 చేతికిచ్చి ‘మొత్తం నీకే’ అన్నారు

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు, ఉద్యోగులకు జీతం, పట్టుకున్న పన్ను చూపించి ఇచ్చే డబ్ల్యూ-2 వస్తుంది. నాకు హెచ్4 వీసా మీద పనిచేసే అనుమతి (ఈఏడీ) వచ్చాక 2025 జనవరిలో ఒక డేకేర్‌లో చేరాను. వారానికి 30 గంటల చొప్పున, గంటకు 20 డాలర్లు. ఓనరు మన తెలుగావిడే, అక్కా అని పిలుస్తాను. చేరేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ‘కాంట్రాక్టర్‌గా పెడుతున్నాను, ట్యాక్స్ ఏమీ పట్టుకోను, మొత్తం నీ చేతికే వస్తుంది’ అన్నారు. ఈ ఏడాది జనవరి చివర్లో 31,200 డాలర్లకు, కాంట్రాక్టర్లకు ఇచ్చే ఫారం 1099-ఎన్‌ఈసీ పంపారు. ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో మావారి డబ్ల్యూ-2 ఎక్కించినప్పుడు 2,100 డాలర్ల రీఫండ్ చూపించింది. నా 1099 ఎక్కించగానే ఎదురు 6,566 డాలర్లు కట్టాలంది. అందులో ‘సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్’ అని 4,408 ఉంది. ఇది జరిమానానా? ఒక ఫ్రెండు ‘కారు, ఫోను, ఇంటి అద్దె అన్నీ ఖర్చుల్లో రాసేసి సున్నా చేసెయ్’ అంటోంది. ఇంకో విషయం, ఈ జనవరి నుంచి ఆదివారాలు ఇంట్లో ఎనిమిది మంది పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. ఫీజు జెల్‌లో వేస్తారు. అదీ చూపించాలా? రేపు ఇండియా వెళ్ళిపోతే ఈ కట్టిన డబ్బంతా పోయినట్టేనా? వారం రోజులుగా నిద్ర లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం:

అమ్మా, ముందు ఆ జరిమానా భయం వదిలేయండి. మీరు తప్పు చేశారని ఎవరూ అనడం లేదు. ఆ 4,408 ఏమిటో తెలియాలంటే మీవారి పే స్లిప్ ఒకటి తెచ్చి ముందు పెట్టుకోండి. అందులో ఫెడరల్ ట్యాక్స్ కింద రెండు చిన్న వరుసలు ఉంటాయి. ఒకటి రిటైర్మెంట్ పెన్షన్ కోసం పోయే సోషల్ సెక్యూరిటీ, కొన్ని కంపెనీల స్లిప్పుల్లో దాన్నే ఓఏఎస్‌డీఐ అని వేస్తారు. రెండోది పెద్దవయసులో ఆరోగ్య బీమా కోసం పోయే మెడికేర్. మొదటిదానికి జీతంలో 6.2 శాతం, రెండోదానికి 1.45 శాతం, కలిపి 7.65 శాతం పోతుంది. ఆయన కట్టినంతా ఆయన కంపెనీ కూడా తన జేబులోంచి విడిగా కడుతుంది. ఆ సగం పే స్లిప్‌లో కనిపించదు కాబట్టి మనలో చాలామందికి అది ఉందనే తెలియదు.

ఇప్పుడు మీ 1099-ఎన్‌ఈసీ చూడండి. మొదటి గడిలో 31,200. ఫెడరల్ ట్యాక్స్ పట్టుకుంటే రాయాల్సిన నాలుగో గడి ఖాళీ. కాంట్రాక్టర్ అంటే చట్టం దృష్టిలో పనిచేసేదీ మీరే, పని ఇచ్చుకునేదీ మీరే. అందుకని ఉద్యోగి సగం, యజమాని సగం రెండూ మీ మీదే పడి 15.3 శాతం అవుతుంది. యజమాని సగం జీతంలోకి రాదు కాబట్టి, దానికి సరిపడా మీ 31,200లో 92.35 శాతం మీదే లెక్క కడతారు. అది 28,813. దాని మీద 15.3 శాతం వేస్తే 4,408. సాఫ్ట్‌వేర్ లెక్కలో పొరపాటేమీ లేదు.

ఇది ఎప్పటినుంచో ఇలాగే లేదు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చినప్పుడు సొంతంగా పనిచేసుకునేవాళ్ళు అందులో లేరు. 1951లో చేర్చుకున్నారు, అప్పుడు ఉద్యోగి రేటుకు ఒకటిన్నర రెట్లు కడితే సరిపోయేది. 1983లో చట్టం మార్చాక రెండు సగాలూ వాళ్ళ మీదే పడ్డాయి. దానికి కాస్త ఊరటగా, కట్టిన సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌లో సగాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఆదాయంలోంచి తీసేయనిస్తారు. మీ విషయంలో ఆ సగం 2,204.

మిగతా 4,258 మామూలు ఇన్‌కమ్ ట్యాక్సే. మీ సంపాదన మీవారి జీతం మీద వచ్చి కూర్చుంది కాబట్టి కొంత 12 శాతం స్లాబులో, ఎక్కువ భాగం 22 శాతం స్లాబులో పడింది. మొత్తం 8,666. వచ్చిన ప్రతి వంద డాలర్లలో దాదాపు 28 డాలర్లు మీవి కావన్నమాట. ‘మొత్తం నీ చేతికే’ అన్న మాటలో దాగింది ఇదే. నేనూ మొదటిసారి 1099 మీద పనిచేసిన ఏడాది వచ్చిన చెక్కు వచ్చినట్టే ఖర్చు పెట్టి, ఏప్రిల్‌లో తెలిసినవాళ్ళ దగ్గర చేబదులు తీసుకుని ట్యాక్స్ కట్టాను. ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా గుర్తుంది. అందుకే మీ ఉత్తరం చదవగానే ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఇక అసలు సంగతి. మీరు నిజంగా కాంట్రాక్టరేనా?

సంతకం పెట్టిన కాగితంలో ఏముందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పని ఎలా జరుగుతోందో పన్నుల శాఖ ఐఆర్ఎస్ చూస్తుంది. ఎప్పుడు రావాలి, ఎలా చేయాలి అని చెప్పేది ఎవరు? బొమ్మలు, పుస్తకాలు, డైపర్లు ఎవరివి? లాభనష్టాలు మీవా, లేక గంటల లెక్కన జీతమా? అదే పని బయట వేరేవాళ్ళకు కూడా చేస్తున్నారా? ఆ సంస్థ నడిచేదే మీరు చేసే పని మీదా? డేకేర్‌లో పిల్లలను చూసుకునే మనిషి ఆ డేకేర్‌కు కాంట్రాక్టర్ అవడం చాలా అరుదు. మీకు టైము పెట్టేది ఆవిడ, సామాన్లు ఆవిడవి, గంటకింత అని ఇచ్చేది ఆవిడ. డేకేర్‌లో పాడైన ఏసీ బాగుచేయడానికి వచ్చినతను కాంట్రాక్టర్. మీరు ఉద్యోగి. నా అభిప్రాయంలో ఇందులో పెద్ద సందేహం లేదు.

ఆవిడ మోసం చేయాలనే చేశారని నేను అనను. మనవాళ్ళు నడిపే చిన్న వ్యాపారాల్లో ఇది చాలా మామూలైపోయింది. పక్కవాళ్ళు చేస్తున్నారని చేస్తారు. పేరోల్ పెడితే, అంటే ఉద్యోగిగా జీతాల లెక్కలో చేరిస్తే, మూడు నెలలకోసారి జీతాల పన్ను లెక్క చూపే ఫారం 941 వేయాలి. తన సగం 7.65 శాతం కట్టాలి. ఫెడరల్ నిరుద్యోగ పన్ను మొదటి 7,000 డాలర్ల మీద, మామూలుగా మనిషికి 42 డాలర్లు. టెక్సాస్ నిరుద్యోగ పన్ను మొదటి 9,000 మీద. 1099 ఇస్తే ఇవేవీ ఉండవు. మీ ఒక్కరి మీద ఆవిడ కట్టని సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాటా 2,387 డాలర్లు. గంటకు డాలరున్నర. ఏడాది పొడుగునా ఆ డాలరున్నర భారం మీరు మోశారు.

ఇక్కడ ఒక లెక్క నిజాయితీగా చెప్పాలి. ఉద్యోగిగా లెక్క వేస్తే మీ బిల్లు సగానికి సగం తగ్గిపోతుందని అనుకోకండి. కాంట్రాక్టర్‌గా వేసినప్పుడు సొంత వ్యాపారస్తులకు ఇచ్చే 20 శాతం తగ్గింపు మీకు సాఫ్ట్‌వేర్ ఇచ్చేసింది, దానివల్ల 5,799 డాలర్ల ఆదాయానికి పన్ను పడలేదు. ఉద్యోగికి ఆ తగ్గింపు రాదు. అన్నీ కలిపి చూస్తే కాంట్రాక్టర్‌గా 8,666, ఉద్యోగిగా 8,406. తేడా 260 డాలర్లే.

ఈ 260 కోసమైతే నేను ఇంత రాయను. కాంట్రాక్టర్ అన్న పేరుతో పోయేవి వేరే ఉన్నాయి. రేపు పిల్లలు తగ్గారని ఆవిడ మిమ్మల్ని మానిపిస్తే, నిరుద్యోగ భృతికి వెళ్ళినప్పుడు టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ దగ్గర మీ పేరున జీతం రికార్డే ఉండదు. ఇల్లు కొందామని లోనుకు వెళ్తే, సొంత వ్యాపారం చేసేవాళ్ళను బ్యాంకులు సాధారణంగా రెండేళ్ళ రిటర్నులు చూపించమంటాయి, డబ్ల్యూ-2 ఉన్నవాళ్ళకు ఆ పని సులువు. డేకేర్‌లో జారిపడి చెయ్యి విరిగితే ఎవరు చూసుకుంటారు? టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులు వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా తీసుకోవాలన్న నిర్బంధం లేదు. మీ ఓనరుకు ఉన్నా, కాంట్రాక్టర్‌కు అది వర్తించదంటారు. పైగా రిటర్నులో సొంత వ్యాపారం లెక్క చూపే షెడ్యూల్ సి వేయడమంటే ‘ఇది నా వ్యాపారం’ అని మీరే సంతకం పెట్టి ఒప్పుకోవడం. వ్యాపారం కానిదాన్ని వ్యాపారమని చెప్పి 20 శాతం తగ్గింపు తీసుకోవడం నాకు సరిగా అనిపించదు. రేపు ఐఆర్ఎస్ మిమ్మల్ని ఉద్యోగే అని తేలిస్తే ఆ తగ్గింపు వెనక్కి పోతుంది.

మీ ఫ్రెండు చెప్పిన సలహా మాత్రం అస్సలు వినొద్దు. ఇంటినుంచి డేకేర్‌కు కారులో వెళ్ళడం కమ్యూటింగ్ అవుతుంది, అది ఎవరికీ ఖర్చు కింద రాదు. ఇంటి అద్దెకు, డేకేర్ పనికి సంబంధమే లేదు. లేని ఖర్చులు రాసి లాభం సున్నా చేస్తే పన్నుతోపాటు మీ సోషల్ సెక్యూరిటీ రికార్డు కూడా సున్నా అవుతుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

మరి ఏం చేయాలి? ముందు మాట్లాడండి. అక్కా అని పిలిచే మనిషి దగ్గర డబ్బు మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. పిల్లలను పికప్ చేసుకునే హడావుడిలో కాకుండా, ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడు ఇలా అనండి: ‘అక్కా, పనిలో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఈ 1099 మాత్రం నేను చేసే పనికి సరిపోదట. టైము మీరు పెడతారు, సామాన్లు మీవి. వచ్చే నెల నుంచి నన్ను పేరోల్‌లో పెట్టండి. 2025కి ఏం చేయొచ్చో మీ అకౌంటెంటును, అదే సీపీఏను, ఒక్కసారి అడగండి.’ అంతే. ఎక్కువ వివరణలు వద్దు. ఆవిడ సీపీఏకు ఈ విషయం కొత్తేమీ కాదు. ఇచ్చిన 1099ని సరిచేసి డబ్ల్యూ-2 ఇవ్వడం కుదిరే పనే. ఇన్నాళ్ళూ 1099లు సక్రమంగా దాఖలు చేసినవాళ్ళు ఇకమీదట మనుషులను ఉద్యోగులుగా పెట్టుకుంటామని ముందుకొస్తే, ఐఆర్ఎస్ దగ్గర స్వచ్ఛందంగా సర్దుబాటు చేసుకునే పథకం ఉంది. తగ్గించిన రేట్ల మీద లెక్కేసిన ఒక్క ఏడాది పన్నులో పది శాతం కడితే పాతదానికి వడ్డీ, జరిమానా లేకుండా వదిలేస్తారు. ఫారం 8952తో దరఖాస్తు చేసుకోవాలి. ఆవిడకు ఈ మాట కూడా చెప్పండి, భయపడి మొండికేయకుండా ఉంటారు.

‘పేరోల్ అయితే గంటకు 18 ఇస్తాను’ అనొచ్చు. ఆవిడకు అదనంగా అయ్యేది డాలరున్నర, పైన కొద్దిగా. అది మనసులో పెట్టుకుని బేరమాడండి. రెండు డాలర్లు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు.

ఆవిడ ససేమిరా అంటే అప్పుడు ఫారం ఎస్‌ఎస్-8. నువ్వు ఉద్యోగివా, కాంట్రాక్టరువా అని తేల్చమని ఐఆర్ఎస్‌ను అడిగే ఫారం ఇది. ఫీజు లేదు. రిటర్నుతో కలిపి పంపకూడదు, విడిగా పంపాలి. జవాబుకు కనీసం ఆరు నెలలు పడుతుంది. ఆ జవాబు కోసం ఆగకుండానే, ఈ ఏడాది రిటర్నులో షెడ్యూల్ సి బదులు ఫారం 8919 వేసి, కారణం గడిలో ‘జి’ అని రాస్తే ఆ 4,408 బదులు మీ సగం 2,387 మాత్రమే కట్టాల్సి వస్తుంది. ఎస్‌ఎస్-8 మాత్రం దానికంటే ముందో, అదే రోజో పంపి ఉండాలి. ఒక హెచ్చరిక. ఇది గుట్టుగా జరిగే పని కాదు. ఐఆర్ఎస్ ఓనరును కూడా వివరాలు అడుగుతుంది, ఎవరు పంపారో ఆవిడకు తెలుస్తుంది. అంటే పని పోయే అవకాశం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ నిర్ణయం మీరూ మీవారూ కూర్చుని తీసుకోండి. నేనైతే ముందు ఇంకో డేకేర్‌లో పని చూసుకుని, ఆ తర్వాత పంపుతాను.

ఈ మాటలన్నీ తేలేలోపు ఏప్రిల్ 15 వచ్చేస్తే ఫారం 4868 వేసి అక్టోబర్ 15 దాకా గడువు తీసుకోండి. కానీ ఆ గడువు ఫైల్ చేయడానికే. డబ్బు మాత్రం ఏప్రిల్ 15కే కట్టాలి. ఆరున్నర వేలూ అప్పుడే కట్టేయండి, తర్వాత ఎక్కువైతే వెనక్కి వస్తుంది. ముందుగా కట్టనందుకు పెనాల్టీ పడుతుందేమోనని దిగులు పడుతుంటే, 2024 రిటర్నులో మొత్తం పన్ను చూపే 24వ లైన్ చూడండి. మీవారి 2025 డబ్ల్యూ-2లో రెండో గడిలో ఉన్న అంకె, అంటే పట్టుకున్న ఫెడరల్ ట్యాక్స్, దానికి సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉంటే, మీ ఆదాయ స్థాయిలో ఆ పెనాల్టీ ఉండదు. 2024లో మీకు సంపాదన లేదు కాబట్టి చాలావరకు ఉండకపోవచ్చు.

2026కి వద్దాం. పేరోల్‌లోకి మారితే, జీతంలో ఎంత పన్ను పట్టుకోవాలో యజమానికి చెప్పే ఫారం డబ్ల్యూ-4లో స్టెప్ 2 వదిలేయొద్దు. ఇంట్లో రెండు ఉద్యోగాలున్నాయని చెప్పేది అదే, అది చెప్పకపోతే మళ్ళీ ఏప్రిల్‌లో ఇదే ఏడుపు. 1099 మీదే ఉండాల్సి వస్తే మూడు నెలలకోసారి ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కట్టాలి. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, తర్వాతి జనవరి 15. ఈ తేదీలు గుర్తుపెట్టుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ కుదరలేదు. అంతకంటే తేలికైన దారి, మీవారి డబ్ల్యూ-4లో స్టెప్ 4(సి) దగ్గర ప్రతి చెక్కులో అదనంగా కోయమని రాయడం. రెండు వారాలకోసారి జీతమైతే ఇంకో ఇరవై చెక్కులున్నాయి, ఒక్కోదానిలో 435 డాలర్లు. జీతంలో పట్టుకున్నది ఏడాదంతా సమానంగా కట్టినట్టే లెక్క, కాబట్టి ఆలస్యంగా మొదలుపెట్టినా ఫర్వాలేదు.

సంగీతం క్లాసులు మాత్రం అచ్చంగా మీ వ్యాపారమే. టైము మీది, ఫీజు మీరు పెట్టింది, పాఠం మీది. ఇక్కడ షెడ్యూల్ సి వేయడం పూర్తిగా సరైన పని, ఆ 20 శాతం తగ్గింపు కూడా న్యాయంగా మీదే. జెల్‌లో వచ్చినా, నోట్ల రూపంలో వచ్చినా, 1099 రాకపోయినా ఆదాయం ఆదాయమే. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు దాటితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ వస్తుంది. 2026 నుంచి 1099-ఎన్‌ఈసీ ఇవ్వాల్సిన పరిమితి 600 నుంచి 2,000 డాలర్లకు పెరిగింది. ‘రెండు వేల దాకా ట్యాక్స్ లేదట’ అని వాట్సాప్‌లో తిరుగుతుంటే నమ్మకండి. మారింది కాగితం ఇచ్చే పరిమితే, మీ బాధ్యత కాదు. శ్రుతి బాక్సు, పిల్లలకిచ్చే పుస్తకాల ప్రింటింగ్, ఆన్‌లైన్ క్లాసుకు కొన్న మైకు, ఇవి నిజమైన ఖర్చులు, రాసుకోండి. ఆదివారం పొద్దున పిల్లలు కూర్చునే హాలు సాయంత్రం మీరు టీవీ చూసే హాలే అయితే దానికి హోమ్ ఆఫీస్ తగ్గింపు రాదు. క్లాసుకు మాత్రమే వాడే గది ఉంటే చదరపు అడుగుకు 5 డాలర్ల చొప్పున 300 అడుగుల దాకా తీసుకోవచ్చు. క్లాసుల డబ్బుకు విడిగా ఒక బ్యాంకు అకౌంటు తెరిచి, ప్రతి ఫీజులో 30 శాతం అందులోనే ఉంచేయండి.

మీ ఈఏడీ ఉద్యోగానికీ, సొంత పనికీ రెండింటికీ పనికొస్తుంది. అది అయిపోయి కొత్తది రాకపోతే మాత్రం డేకేర్‌తోపాటు ఈ క్లాసులు కూడా ఆపాలి. హెచ్1బీ మీద ఉన్న మీ స్నేహితులెవరైనా మిమ్మల్ని చూసి వీకెండ్ క్లాసులు మొదలుపెడతామంటే వద్దని చెప్పండి. వాళ్ళకు ఆ అనుమతి లేదు.

చివరిగా ఇండియా సంగతి. అమెరికాకూ ఇండియాకూ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు, ఇక్కడ కట్టింది అక్కడి పీఎఫ్‌లో కలవదు. రిటైర్మెంట్ పెన్షన్‌కు 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగు మించి రావు, అంటే కనీసం పదేళ్ళు. అంతకంటే ముందే వెళ్ళిపోతే మీ సొంత పెన్షన్ రాదు, కట్టింది తిరిగివ్వరు. అది బాధే, దాచను. కానీ మీరు ఎప్పుడు వెళ్తారో ఇప్పుడే ఎవరు చెప్పగలరు? రెండేళ్ళకని వచ్చి పాతికేళ్ళున్నవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. 2025లో 1,810 డాలర్లకు ఒక క్రెడిట్, కాబట్టి 7,240కే మీ నాలుగూ వచ్చేశాయి. ఖర్చులు రాసి సున్నా చేసి ఉంటే ఒక్కటీ వచ్చేది కాదు.

రిటర్ను వేసిన కొన్ని నెలలకు సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ పేరున అకౌంటు తెరిచి, 2025కి ఎదురుగా ఏ అంకె ఉందో చూడండి. షెడ్యూల్ సి వేసి ఉంటే 28,813, ఉద్యోగిగా తేలితే 31,200 ఉండాలి. తప్పుంటే సరిచేయించుకోవడానికి ఆ ఏడాది ముగిశాక మూడేళ్ళ మూడు నెలల పదిహేను రోజుల గడువుంది. మీకైతే అది 2029 ఏప్రిల్ 15.